పొట్టేలు ఒళ్లు విదిలించిన ఉదయం

డిసెంబరు 1

షెడ్డు ముందు బోర్డు లేచింది. 'గాయపడిన పశుపక్ష్యాదులకు అత్యవసర చికిత్స.' పెయింటరు 'చికిస్త' అని రాశాడు. దిద్దేదాకా నిచ్చెన దిగనివ్వలేదు. "గొర్రెలు సదువుతాయా సార్?" అని గొణిగాడు. గొర్రెలు చదవవు. వాటిని మోసుకొచ్చేవాళ్లు చదువుతారు.

హిందూపురం చింతపండు మండీ వెనుక ఉన్న ఈ పాత గిడ్డంగి ఇక మాది. మాది అనడంలో కొంత అతిశయోక్తి ఉంది — డాక్టరు షాహీన్‌ది. తొమ్మిదో తరగతిలో ఆమెకు సంధులు చెప్పాను. ఇప్పుడు ఆమె నాకు చిగుళ్లు చూడడం నేర్పుతోంది. పశువు పెదవి ఎత్తి, చిగుళ్లను వేలితో నొక్కి వదలాలి. తెల్లబడిన చోటు వెంటనే ఎర్రబడితే రక్తం సరిగా తిరుగుతున్నట్టు. తెల్లగానే ఉండిపోతే... ఆలస్యం పనికిరాదు.

ఉద్యోగ విరమణ తరువాత దేన్నీ ఇంత శ్రద్ధగా నేర్చుకోలేదు.

డిసెంబరు 4

మొదటి శిక్షణ తరగతి. ఆటోవాళ్లు, పాలవాళ్లు, హోటలు నడిపే ఇద్దరు అన్నదమ్ములు. పాఠం చెప్పింది నేను. నమూనాగా నిలబడింది వీధికుక్క.

ప్రమాదస్థలంలో ముందుగా దేన్ని చూడాలి? అరిచేదాన్ని కాదు. అరిచేదానికి ఊపిరి ఉంది. కిక్కురుమనకుండా పడి ఉన్నదాన్ని చూడాలి. తరగతి గదిలోనూ అంతే. వెనక బెంచీలో మౌనంగా ఉన్నవాడే మునిగిపోతుంటాడు.

మనుషుల ఆసుపత్రుల్లో వాడే రంగుల పద్ధతిని పశువులకు అనువుగా కుదించాను. వీపు మీద ఒక్క గీత. ఎరుపు — వెంటనే. పసుపు — కాసేపు ఆగగలదు. నీలం — చిన్న దెబ్బ. షాహీన్ మెచ్చుకుంది. "భలే ఉండాది సార్. సదువు రానోళ్లకు గూడ అర్థమైతాది." రంగు డబ్బాలు వ్యానులోకి ఎక్కాయి.

డిసెంబరు 6

ఒక రామచిలుక. రెక్క కట్టాం. కరిచింది.

డిసెంబరు 9

ఇంకా నిద్ర పట్టడం లేదు. సంతోషంతో పట్టడం లేదని రాయడానికి సిగ్గుపడను.

తెల్లవారింది కానీ మంచు విడవలేదు. వ్యాను డ్రైవరు బాబయ్య మా గేటు ముందు ఆపకుండా హారను మోగించాడు. షాహీన్ అప్పటికే లోపల ఉంది. "పెనుకొండ కాడ హైవే మీద మందలోకి లారీ దూరింది సార్. ఎక్కండి, చెప్పులు ఆడ తొడుక్కోవచ్చు."

పెనుకొండ కొండ కనబడలేదు. రోడ్డు కనబడలేదు. గొర్రెలు మాత్రం — రోడ్డు మీద, గుంటలో, కోత అయిపోయిన చెనిక్కాయ చేలో, అదే వేరుశనగ చేలో — ఎక్కడ చూస్తే అక్కడ. చక్రాల కింద పడినవాటికి మేము చేయగలిగింది లేదు. మిగతావాటి మధ్యకు రంగు డబ్బా పట్టుకుని దూకాను. చిగుళ్లు చూడడం, గీత గీయడం. చూడడం, గీయడం. చెప్పిన పాఠం చెప్పినట్టు సాగుతోందని గర్వపడ్డాను కూడా.

షాహీన్ కేక వేసింది. "సార్! ఇది ఎర్ర గీత గొర్రె. నెమరేస్తా ఉండాది!"

నేను గీసిన గీత కాదు అది. ఇంకొకటి చూశాను. ఎరుపు. మరొకటి. ఎరుపు. దాని పక్కది నీలం.

ఇంటింటికీ మందకు ఒక రంగు గుర్తు ఉంటుంది. మూడిళ్ల మందలు కలిపి తోలుతున్నారు — ఒకరిది ఎరుపు, ఒకరిది నీలం, ఒకరిది తట్టు రోగానికి మందుగా రాసిన పసుపు. ఈ సీమలో పుట్టి, ఈ సీమలో పాఠాలు చెప్పి, ఈ రోడ్ల మీదే అటువంటి మందలు దాటేదాకా బస్సులో కూర్చున్నవాణ్ణి. ఆ మూడు రంగులనే ఏరికోరి ఎన్నుకున్నాను! బాబయ్య డబ్బా వంక, నా వంక చూశాడు. "సార్, మనం రాకముందే ఎవురో మన పని చేసిపోయినారే."

నవ్వడానికి సమయం లేదు. ఏడవడానికీ లేదు. డబ్బా గుంటలోకి విసిరేశాను.

అప్పుడు నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే — "వరుసలు!"

ఉదయం ప్రార్థనలో మైదానం చివరి వరకు వినబడిన గొంతు. ఉందనుకోలేదు; ఉంది. గట్టు పక్కన మొదటి వరుస: చిగుళ్లు తెల్లబడినవి, రక్తం చిమ్ముతున్నవి, ఎగశ్వాసవి. చేను మధ్యలో రెండో వరుస: విరిగిన కాళ్లు. ఆ చివర, మంద చుట్టూ కట్టే వల వేసి, దాని లోపల మూడో వరుస: చిన్న దెబ్బలవి. గుర్తు ఒంటి మీద లేదు. నిలిచిన చోటే గుర్తు. ఆగిన లారీల వాళ్లు, కాపరులు, కాలేజీకి పోయే అమ్మాయిలు — అందరూ మోశారు. అందరినీ గదమాయించాను.

"పక్కకు పడుకోబెట్టకండి! రొమ్ము మీద కూర్చోబెట్టండి. లేకపోతే కడుపు ఉబ్బి ఊపిరాడదు."

ఒక పెద్దాయన ఎగరొప్పుతున్న గొర్రెపిల్ల నోట్లో చెంబుతో నీళ్లు పోయబోతున్నాడు. చెంబు పట్టుకున్నాను.

"పోయే పానానికి గుక్కెడు నీళ్లు పోయగూడదా అయ్యోరా?"

"పోయే ప్రాణం కాదు. నువ్వు పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి పోతుంది."

"ఏమప్పా, చెంబు కింద పెట్టు," అన్నాడు బాబయ్య. "సారు గోడకుర్చీ ఏయిస్తాడు."

షాహీన్ మొదటి వరుసను వదలలేదు. నా భార్య సరోజ పాత చీరలు చింపి ఇచ్చిన పట్టీలన్నీ అయిపోయాయి. మంచు విడిచి పెనుకొండ కోట గోడ కనబడే సమయానికి మొదటి వరుసలో చాలావరకు తల ఎత్తాయి. ఎగరొప్పిన ఆ పిల్ల లేచి, వరుస తప్పి, తల్లిని వెదుక్కుంటూ పోయింది. దాన్ని మాత్రం నేను గదమాయించలేదు.

చివర దొరికింది ఆ పొట్టేలు. గుంటలో, కిక్కురుమనకుండా. మెడలో పసుపుతాడు, గంట. వెనక ఎడమ కాలు మోకాలి కింద నలిగిపోయింది. పక్కన ఒక ఆమె కూర్చుని ఉంది — ఎర్ర గుర్తు మంద ఆమెదే. పేరు హనుమక్క. ఎత్తబోతే చేయి అడ్డం పెట్టింది.

"ఇది దేవర పొట్టేలు. ముట్టుకోవద్దండి."

ఆమె భర్త తిమ్మప్ప బతిమాలి, పొట్టేలుతో పాటు ఆమెనూ వ్యాను ఎక్కించాడు. హిందూపురం చేర్చాం.

ఇంటికి రాగానే సరోజ గుమ్మంలోనే ఆపింది. "ముందు నీళ్లు పోసుకోని రాండి. మంద వాసన." పోసుకున్నాను. ఆ వాసన పోతే బాగుండదనిపించింది.

డిసెంబరు 10

పత్రికలో వేశారు. 'గొర్రెలు రక్షించబడ్డాయి.' ఎవరు రక్షించారో చెప్పని వాక్యం! 'రక్షించారు' అనడానికి ఏమి అడ్డం? తెలుగు వాక్యానికి ఈ 'బడు' ధాతువు పట్టిన పీడ... సరే. ఈ రోజు రాయవలసింది అది కాదు.

పొట్టేలు కాలు చల్లబడింది. కింద రక్తం తిరగడం లేదు. రేపటిలోగా తీసేయకపోతే విషం పైకి పాకుతుందని షాహీన్ చెప్పింది.

హనుమక్క ఒప్పుకోలేదు.

నిరుడు చెనిక్కాయ చేలో తిమ్మప్పను పాము కరిచింది. ఆసుపత్రిలో కళ్లు తెరవని మనిషి కోసం ఈమె మారెమ్మకు మొక్కింది — మనిషి లేస్తే మందలో మేలైన పొట్టేలును దేవరకు ఇస్తానని. మనిషి లేచాడు. మాఘమాసంలో దేవర — మారెమ్మ జాతర, ఆ రోజే బలి. అంగం చెడిన జీవాన్ని అమ్మవారికి ఇవ్వరు.

"కాలు తీసేస్తే యాడ పనికొస్తాది తల్లీ? మొక్కు చెడిపోతాది. మొక్కు చెడితే ఈయన పానానికి వస్తాది."

"తీయకపోతే చచ్చిపోతాది అక్కా," అంది షాహీన్.

"సచ్చిపోతే ఆయమ్మ తానే తీసుకున్నట్ల. మొక్కు తీరినట్లే."

ఆ తర్కంలో దోషం వెదికాను. దొరకలేదు. చావు అయితే మొక్కు చెల్లు. కుంటుతూ బతికితే మొక్కు చెడు.

తిమ్మప్ప అందుకున్నాడు. "నా పానం మీద గదా మొక్కితివి? నేను చెప్తాండా. కొయ్యమను."

"నీ పానం నీదా? నువ్వు నోరు తెరుచుకోని పండుకున్నప్పుడు మొక్కింది ఎవురు? ఊరకుండు."

"ఊరకుండక ఏం చేస్తా. లేపింది నువ్వైతివి."

నేను మాట్లాడాను. భూతదయ గురించి, ప్రాణం విలువ గురించి. సమాసాలు కూడా దొర్లాయి. ఆమె చివరిదాకా విన్నది. "శానా బాగ చెప్తిరి అయ్యోరా. మా ఊళ్లో సభ పెడితే పిలుస్తాం," అంది. బాబయ్య అవతలికి తిరిగి దగ్గాడు.

తరువాత ఆమే అంది — "తల్లినే అడగాల."

పద్ధతి ఇది. జీవాన్ని దేవరకు విడిచేటప్పుడు దాని మీద వేపాకు నీళ్లు చల్లుతారు. ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. మొక్కిన రోజు ఇదే పొట్టేలు విదిలించింది. కుళాయి నీళ్లలో వేపరెమ్మ ముంచి ఇప్పుడు మళ్లీ చల్లింది. పొట్టేలు కదలలేదు. కన్ను కూడా ఆర్పలేదు.

"చూసినారా? ఒప్పుకోలే." హనుమక్క లేచింది.

అప్పుడు అన్నాను. ఈ మాటకు సమాసాలు అవసరం కాలేదు. "అమ్మా, జ్వరంతో మూలుగుతున్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టి నేనెప్పుడూ పరీక్ష పెట్టలేదు. వాడు జవాబు రాయకపోతే అది వాడికి రానట్టు కాదు, చేయి లేవనట్టు. దానికి తల ఎత్తే సత్తువ రానీ. అప్పుడు అడుగు. అప్పుడు కూడా విదిలించకపోతే నేను నోరెత్తను."

ఆమె పొట్టేలు మెడలో గంట సరిచేసింది.

"రేపు పొద్దునకే. ఆ మీద ఆగను."

షాహీన్ సూది వేసి నొప్పి తగ్గించింది. సెలైన్ సీసాలను వేడినీళ్లలో వెచ్చబెట్టి ఎక్కించింది. సరోజ తన కంబళి పంపింది — చలికాలంలో నాకు కూడా ఇవ్వని కంబళి.

డిసెంబరు 11

ఈ రోజు తేదీ కింద గీత గీస్తున్నాను.

ఎండ పొడకు ముందే చేరాను. చిగుళ్లు చూశాను. నొక్కాను. వదిలాను. గులాబీ రంగు! ముందర మేతగా పెట్టిన చెనిక్కాయ కట్టెను రెండు పరకలు కొరికింది. షాహీన్ కళ్లలో నిద్ర లేదు, నవ్వు ఉంది.

హనుమక్క తలస్నానం చేసి వచ్చింది. తడి జుట్టు. ఇత్తడి చెంబు. వేపరెమ్మలు. మెడ మీద నుంచి వెన్ను పొడుగునా నీళ్లు వదిలింది. పెదవులు కదిలాయి. ఏమి అడిగిందో వినబడలేదు.

పొట్టేలు కదలలేదు.

మళ్లీ పోసింది. పొట్టేలు చెవులు టపటపలాడించింది. "అదిగో!" అన్నాడు బాబయ్య.

"చెవులు లెక్క గాదు." కటువుగా.

చెంబులో నీళ్లు అడుగంటాయి. నేను గోడకు ఆనుకున్నాను. పరీక్ష హాలులో ఇన్నేళ్లు నిలబడ్డాను. ఎప్పుడూ ఇంత దాహం వేయలేదు. ఆమె చెంబు ఒంచింది. ఆఖరి ధార.

ముందు ముక్కు ముడుచుకుంది. తరువాత కొమ్ములు. తరువాత మెడ — గంట మోగింది — అక్కడి నుంచి వీపు, డొక్కలు, తోక దాకా ఒళ్లంతా ఒక్క విదిలింపు. నీళ్లు నా కళ్లజోడు మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

తిమ్మప్ప ఈల వేశాడు. బాబయ్య నన్ను కౌగలించుకున్నాడు. నా చొక్కా గంజి నలిగింది.

"ఒప్పుకునింది," అంది హనుమక్క. నెమ్మదిగా పక్కకు జరిగింది. "చేసేది చెయ్యి తల్లీ."

షాహీన్ ఒక్క క్షణం వృథా చేయలేదు. మత్తు ఇచ్చింది. నేను తల పట్టుకున్నాను; దవడ కింద చేయి పెట్టి, లాలాజలం గొంతులోకి జారకుండా మూతి కిందికి వంచి. చూపు మాత్రం గోడ మీది బల్లి వైపు. మధ్యాహ్నానికి ముగిసింది. ఊపిరి సమంగా ఉంది.

వెచ్చబడిన గొర్రె మీద చన్నీళ్లు పోస్తే విదిలిస్తుందని నాకు తెలుసు. షాహీన్‌కూ తెలుసు. పుట్టినప్పటి నుంచి మందలో తిరిగిన హనుమక్కకు తెలియదా? ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. కొన్ని ప్రశ్నలు పాఠ్యాంశంలో ఉండవు.

డిసెంబరు 13

తిన్నది. నెమరు వేసింది. ఇంతకు మించి వార్త లేదు, అక్కరలేదు.

డిసెంబరు 15

లేవబోయింది. పడింది. మళ్లీ లేవబోయింది. పడింది. నేను పట్టుకోబోతే షాహీన్ ఆపింది — "పడనీండి సార్. యాడ బరువు పెట్టాల్నో అదే తెలుసుకుంటాది."

డిసెంబరు 18

నిలబడింది.

మూడు కాళ్ల మీద. ఎవరి సాయమూ లేకుండా. ముందు కాళ్లు కాస్త దగ్గరికి తెచ్చుకుని, వెనక కాలు కడుపు కిందికి జరుపుకుని — ఆ లెక్క దానికి ఎవరు చెప్పారు? — నిలబడి నన్ను చూసింది. తరువాత నా చేతిసంచి తినబోయింది.

దారి పొడుగునా ఎదురైన ప్రతివారికీ చెప్పాను. సరోజ అంది — "మనవడు అడుగులేసిన రోజు గూడ మీరింత ఎగరలే." నిజమే. మనవడికి నాలుగో కాలు ఉండి పోలేదు.

డిసెంబరు 27

తిమ్మప్ప వచ్చి తోలుకుపోయాడు. వ్యాను ఎక్కించబోతే పొట్టేలే ఎక్కింది. షాహీన్ లోపలికి వెళ్లి సామాను సర్దింది. సర్దిన సామానునే మళ్లీ సర్దింది.

జనవరి 7

ధర్మవరం. శిక్షణ తరగతికి పిలిచారు. మగ్గాల వాళ్లు, ఆటోవాళ్లు, స్టేషను దగ్గర పూలమ్మే ఆడవాళ్లు. వరుసల పద్ధతి చెప్పాను. మగ్గం నేసే ఒకాయన లేచాడు. "రంగు దారం కట్టుకుంటే సులువు గదా సార్? మాకు రంగులకు కరువా?"

పెనుకొండ కథ చెప్పాను; రంగు డబ్బా, ఎర్ర గొర్రెలు, అన్నీ దాచకుండా. పూలమ్మే ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నవ్వినదాన్ని మరిచిపోరు. అందుకే చెప్పాను.

జనవరి 20

ధర్మవరం నుంచి ఫోను. బర్రెలను తీసుకుపోతున్న టెంపో ఊరి బయట బోల్తా కొట్టింది. డాక్టరు చేరేసరికే వరుసలు నిలిచి ఉన్నాయట. రొమ్ము మీద కూర్చోబెట్టారట. నోట్లో నీళ్లు పోయబోయినవాణ్ణి పూలమ్మే ఆమె చెంబుతో సహా తరిమిందట. మొదటి వరుసలోని బర్రెలన్నీ బతికాయి.

నేను అక్కడ లేను. నేను లేకుండానే జరిగింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు దక్కిన సన్మానాలన్నీ — శాలువాలన్నీ — ఈ వాక్యం ముందు దిగదుడుపు.

జనవరి 28

పెనుకొండ వెళ్లాను. పనేమీ లేదు. చూడాలనిపించింది.

కొండ వాలులో మంద. అన్నిటికంటే ముందు — ఎగిరి, ఆగి, ఎగిరి, ఆగి — అదే. గంట చప్పుడు కొత్త తాళంలో పడుతోంది. "నాకంటే ముందు పోతాండాది సార్," అన్నాడు తిమ్మప్ప. "పాము కరిచినోడు, లారీ గుద్దినోడు. మా యిద్దరికీ ఈయమ్మే కాపరి."

హనుమక్క మజ్జిగ ఇచ్చింది. పొట్టేలు వచ్చి ఆమె మోచేతిని మూతితో పొడిచింది. తోసేసింది; మళ్లీ వచ్చింది. ఆమె చేయి దాని కొమ్ముల మధ్య నిలిచిపోయింది.

అడిగాను. "ఆ రోజు నీళ్లు పోస్తూ అమ్మవారిని ఏమి అడిగావమ్మా?"

"అడిగేది అడిగితి. ఆయమ్మ చెప్పేది చెప్పె."

"అంటే..."

"మజ్జిగ తాగండి అయ్యోరా. ఎండ పొద్దు."

తిరుగు బస్సులో ఆ మాటే. ఇన్నాళ్లూ నేను ఒకటే అనుకున్నాను — కాలు తీయించి దీన్ని మొక్కు నుంచి వదిలేయనా తల్లీ, అని అడిగిందని. అది కాక... కుంటిదైనా తీసుకుంటావా తల్లీ, అని అడిగి ఉంటే? ఆ విదిలింపు దేనికి 'సరే' అన్నట్టు?

దేవర ఇంకా అయిపోలేదు.

ఫిబ్రవరి 3

షాహీన్‌కు చెప్పాను. పట్టీ చుట్టడం ఆపింది. "మనమే అడిగి తెచ్చుకుందామా సార్?" అంది.

"మొక్కును ఎలా అడుగుతాం?"

"పానాన్ని అడుగుతాం."

నా శిష్యురాలు.

ఫిబ్రవరి 9

కుక్క, కాలు. మేక, కొమ్ము. గేదెదూడ, పొట్ట. అన్నీ లేచాయి. షెడ్డుకు ఇంత మంచి వారం రాలేదు.

ఫిబ్రవరి 12

రేపు దేవర.

బాబయ్య పెనుకొండ నుంచి కబురు తెచ్చాడు. "అయ్యోరూ డాక్టరమ్మా ఇద్దురూ రావాలంట. పొద్దున్నే రమ్మనింది సార్."

"పొట్టేలు?"

"వాకిట్లో ఉండాది. కొమ్ములకు పసుపు పూసినారు. మెడలో బంతిపూల దండ. ఒళ్లు కడిగినారు — తెల్లగా మెరిసిపోతా ఉండాది."

కొమ్ములకు పసుపు పూసేది ఇవ్వడానికా, నిలుపుకోవడానికా? రెంటికీ పూస్తారు.

"నువ్వు అడగలేదా?"

"అడుగుదామనే పోతి సార్. ఆయమ్మ మొగం చూసినాక నోరు రాలే."

"ఏడుస్తున్నదా?"

"లేదు. నవ్వుతాండాది. ఆ నవ్వు యాటిదో నాకు అర్థం గాలే."

సరోజ ఉతికిన పంచె తీసి మంచం మీద పెట్టింది. వెళ్లను అని నేను అంటానేమోనని కాబోలు, గుమ్మంలోనే కాసేపు నిలబడింది. వెళ్తాను. పిలిచింది హనుమక్క. ఆమె జవాబు ఏదైనా, నిలబడి వినవలసినవాణ్ణి నేనే.

ఇప్పుడే షాహీన్ ఫోను చేసింది — "కట్లు, మందులు ఉండే సంచి తెచ్చుకోనా సార్ రేపు? దేనికని అడగొద్దండి."

అడగలేదు. తెచ్చుకోమన్నాను.